మిణుకు మాన్పే అద్దం
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. సైన్సు గురించి ఈయనేం చెబుతాడని మీరనుకోవచ్చు. మన బెంగళూరులోనే కోరమంగలలో భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ఉంది. అలాంటి చోట్ల జరిగే పనుల గురించి చదివి, విని తెలుసుకున్న ఒక సంగతి చెబుతాను.

నక్షత్రాలు మిణుకు మిణుకుమంటాయి కదా, అది నక్షత్రం తప్పు కాదు. వేడిగాలి, చల్లగాలి కలగలిసి కదులుతుంటే వెలుగు అటూ ఇటూ వంగుతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద దూరపు బస్సు అలలా ఊగినట్టు కనబడటం లేదూ, అలాగే. అందుకే నేల మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా వెలుగు ఎక్కువగా పోగవుతుందే గాని, మామూలుగా స్పష్టత పది ఇరవై సెంటీమీటర్ల టెలిస్కోపును మించదు.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది కొండెక్కడం. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న టెలిస్కోపును మన పక్కనున్న హోస్కోటె నుంచే నడుపుతారు. రెండోది హబుల్ లాగా అంతరిక్షానికి పోవడం. దానికి ఖర్చు విపరీతం. మూడోది ఇక్కడే ఉండి సరిదిద్దుకోవడం. దాని పేరు అడాప్టివ్ ఆప్టిక్స్. 1953లో హొరేస్ బాబ్‌కాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ ఆలోచన చెప్పారు. ఖగోళ శాస్త్రంలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది 1990ల నుంచే.

ఒక పరికరం వెలుగు ఎక్కడ ఎంత వంకరపోయిందో కొలుస్తుంది. కంప్యూటరు లెక్క కడుతుంది. పల్చటి అద్దం వెనకనున్న చిన్న చిన్న మీటలు దాన్ని వెంట్రుక మందం కన్నా తక్కువగా వంచి ఆ వంకరను తీసేస్తాయి. వెంటనే మళ్ళీ కొలత. మా బ్యాంకులో పది రూపాయలు తేడా వచ్చినా లెక్క కుదిరేదాకా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. ఇక్కడ ఆ లెక్క సెకనుకు వందల సార్లు కుదరాలి! కొలవడానికి దగ్గరలో మంచి నక్షత్రం లేకపోతే, లేజరుతో సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరను వెలిగించి కృత్రిమ నక్షత్రాన్ని సృష్టిస్తారు.

2020లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆండ్రియా గెజ్ ఈ పద్ధతితోనే పాలపుంత నడిబొడ్డున తిరిగే నక్షత్రాలను చూశారు. అక్కడ సూర్యుడికి 40 లక్షల రెట్ల బరువున్న వస్తువు ఉందని తేల్చారు. 1990లలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ఇదే ఉపాయంతో బతికున్న మనిషి కంటి రెటీనాలో విడివిడి కణాలను ఫొటో తీశారు. కొడైకెనాల్‌లో ఊగే సూర్యబింబాన్ని నిలకడగా నిలిపే పరికరం మీద మన కోరమంగల సంస్థవారు పనిచేశారు. ఈ విద్యలో అది తొలిమెట్టు.

ఈ సంస్థను తీర్చిదిద్దిన వైణు బప్పు గారు హైదరాబాదులో పెరిగారు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో హార్వర్డు వెళ్ళారు. 1949లో అక్కడ కనిపెట్టిన తోకచుక్కకు మరో ఇద్దరి పేర్లతోపాటు ఆయన పేరూ పెట్టారు. కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986 నుంచి ఆయన పేరే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడో, అమ్మాయో ఫిజిక్సు చదువుతానంటే, "అది కూడు పెడుతుందా?" అని నోరు మూయించకండి. ఇల్లు గడవడం కష్టమైతే ముందు ఉద్యోగం చూసుకోమనండి, అందులో నామోషీ లేదు. కాని ప్రభుత్వ పరిశోధనా సంస్థలలో పిహెచ్.డి. చేసేవారికి నెలనెలా ఫెలోషిప్పు ఇస్తారని, జెస్ట్ వంటి ప్రవేశ పరీక్షలు ఉన్నాయని తెలుసుకున్నాకే ఆ మాట అనండి. పైగా ఆ ఒక్క అద్దాన్ని వంచడానికి గణితం, ఎలక్ట్రానిక్సు, మెకానికల్, ప్రోగ్రామింగు అన్నీ కావాలి. ఏ బ్రాంచి వారికైనా అక్కడ పని ఉంది.

పిల్లలూ, ఈరోజు మీ చేతికొచ్చిన చెక్కు మొత్తం చిన్నదే కావచ్చు. దాన్ని ఫీజుకో, పుస్తకాలకో సద్వినియోగం చేసుకోండి. రేపు మీరు సంపాదించిన నాడు మరొక విద్యార్థికి ఇలాగే అందించండి.