పుస్తకం తీసిన చోట పెట్టకపోతే దెయ్యం వస్తుందట! కోల్‌కతా బెల్వెడేర్ హౌస్‌లో ఒక రోజు

"అన్నా, ఈసారి నిజంగా దెయ్యం ఉన్న చోటికి వెళ్ళు" అని మీరు చాలా రోజులుగా అడుగుతున్నారు కదా. వెళ్ళొచ్చాను. కోల్‌కతా, అలీపూర్. ముప్పై ఎకరాల ఆవరణ, పెద్ద పెద్ద చెట్లు, పచ్చిక, మధ్యలో స్తంభాల వరండాతో పాతకాలపు బంగ్లా. పేరు బెల్వెడేర్ హౌస్. మన నేషనల్ లైబ్రరీ ఉన్నది ఈ ఆవరణలోనే.

దెయ్యం కోసం అని మీకు చెప్పాను గానీ, నిజానికి నాకు అక్కడ ఇంకో పని ఉంది. అది తర్వాత చెప్తా. ముందు కథల్లోకి వెళ్దాం.

బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు 1854 నుంచి ఈ ఇంట్లోనే ఉండేవాళ్ళు. స్వతంత్రం వచ్చాక లైబ్రరీకి ఇచ్చారు, 1953 ఫిబ్రవరి 1న జనానికి తలుపులు తెరిచారు. అంతకు చాలా ముందు, 1780 ఆగస్టు 17న, గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, ఆయన కౌన్సిల్లోనే సభ్యుడైన ఫిలిప్ ఫ్రాన్సిస్ ఈ దగ్గర్లోనే పొద్దున్నే ఎదురెదురుగా నిలబడి పిస్తోళ్ళతో కాల్చుకున్నారు. దేశాన్ని ఏలుతున్న ఇద్దరు పెద్దమనుషులు! ఫ్రాన్సిస్‌కి గుండు తగిలింది, కానీ బతికాడు. అంటే ఆ రోజు అక్కడ ఎవరూ చావలేదు. మరి దెయ్యం ఎవరిది అంటే, ఎవరూ చెప్పరు.

హేస్టింగ్స్ దెయ్యానికి మాత్రం కాస్త ఆధారం ఉంది. అది ఈ ఇంట్లో కాదు, అలీపూర్‌లోనే ఉన్న హేస్టింగ్స్ హౌస్‌లో. రాత్రిపూట గుర్రబ్బండి వచ్చి ఆగుతుందట, ఆయన దిగి లోపలికెళ్ళి కాగితాల కోసం వెతుకుతాడట. నాకు నచ్చిన సంగతేంటంటే, కాగితాలు పోవడం నిజం. ఆయన ఇంగ్లండ్ వెళ్ళిపోయాక, నల్లచెక్క బీరువా ఒకటి కనిపించడం లేదు, తెచ్చిచ్చిన వాళ్ళకి 2000 రూపాయలు బహుమానం అని 1787లో కలకత్తా గెజిట్‌లో ప్రకటన వేయించారు. మనిషి పోయాడు, వెతుకులాట మిగిలింది. మంచి దెయ్యం కథ ఇలాగే పుడుతుంది.

ఇక బెల్వెడేర్‌లో అందరూ చెప్పేది లేడీ మెట్‌కాఫ్ గురించి. ఆవిడకి శుభ్రం పిచ్చి అట. పుస్తకం తీసి ఎక్కడపడితే అక్కడ పెడితే మెడ మీద ఊపిరి తగులుతుందట! నాకో డౌటు వచ్చింది. మెట్‌కాఫ్ పేరు ఈ ఇంటిది కాదు. ఈ పుస్తకాల్లో చాలావాటికి పాత ఇల్లు హుగ్లీ ఒడ్డున స్ట్రాండ్ రోడ్డులోని మెట్‌కాఫ్ హాల్. పుస్తకాలు ఇల్లు మారాయి, వాటితోపాటు పేరూ వచ్చి ఇక్కడ దెయ్యమైంది. ఇది నా లెక్క, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

రాత్రి వింత అరుపులు వినిపిస్తాయి అన్నాడు గేటు దగ్గర టీ అమ్మే ఆయన. రోడ్డుకి అవతల ఏముందో చూడండి: అలీపూర్ జూ. 1876 నుంచీ అక్కడే ఉంది.

2010లో అయితే పెద్ద గొడవే అయింది. మరమ్మతులప్పుడు పురావస్తు శాఖ వాళ్ళకి కింది అంతస్తులో తలుపూ కిటికీ లేని గది ఒకటి బయటపడింది. సుమారు వెయ్యి చదరపు అడుగులు. చిత్రహింసల గది అన్నారు, నిధి అన్నారు, అస్థిపంజరాలు అన్నారు. మరుసటి ఏడాది గోడకి కన్నం వేసి చూస్తే లోపలంతా మట్టి! భవనం గట్టిగా నిలబడాలని నింపిన మట్టి అని తేల్చారు. "దెయ్యం గది" అని ఇప్పటికీ వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి, మట్టి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

పక్కనే హార్టికల్చర్ గార్డెన్ ఉంది, వెళ్తే వదలకండి. ఆ సొసైటీని 1820లో పెట్టిన విలియం కేరీయే 1814లో సెరంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. పూలమొక్కల మధ్య ఈ మాట గుర్తొచ్చి భలే అనిపించింది.

సరే, నా పని. మా తాతయ్య బడిపంతులు. 1968లో మా ఊరి చెరువు గురించి చిన్న పుస్తకం అచ్చు వేయించారు, నలభై పేజీలు. ఇంట్లో ఉన్న ఒక్క కాపీని చెదలు తినేశాయి. "అంకితం పేజీలో నా పేరుందిరా, నాకప్పుడు ఐదేళ్ళు" అంటుంది అమ్మ. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ ఈ లైబ్రరీకి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. తాతయ్య పంపారో లేదో ఎవరికి తెలుసు? దెయ్యాలకి పడని భయం నాకు ఆ ఫారం నింపేటప్పుడు పట్టుకుంది. లేదంటే అమ్మకి ఏం చెప్పాలి?

చదువుకునే హాలు ఇప్పుడు అదే ఆవరణలోని కొత్త భవనం, భాషా భవన్‌లో ఉంది. గంటన్నర కూర్చున్నాను. పుస్తకం వచ్చింది! అట్ట ఊడిపోయింది, లోపల కాగితం గోధుమరంగు. అంకితం పేజీ తిప్పాను. అప్పుడే మెడ మీద ఊపిరి తగిలింది.

ఒట్టు, గుండె ఆగినంత పనైంది. తిరిగి చూస్తే పుస్తకం తెచ్చిన పెద్దాయన. నా భుజం మీదుగా వంగి చూస్తున్నారు. ఆయనకి తెలుగు రాదు. "నువ్వు ఏడుస్తున్నావు, ఏం రాసుందా అని చూస్తున్నా" అన్నారు హిందీలో.

ఫోటో వద్దన్నారు. ఆ నాలుగు లైన్లూ చేత్తో రాసుకుని బయటికొచ్చి, చెట్టు కింద నిలబడి అమ్మకి ఫోన్ చేసి చదివాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఇంకోసారి చదువు" అంది.

పుస్తకాన్ని మాత్రం అంతకుముందే ఆ పెద్దాయన చేతికే జాగ్రత్తగా ఇచ్చేశాను. లేడీ మెట్‌కాఫ్‌తో మనకెందుకు గొడవ. ఉంటా ఫ్రెండ్స్.