కంప్యూటరు మాటిమాటికి ఎందుకు ఆగిపోతున్నది?
(సభ్యుల శిక్షణ శిబిరంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాలలో నీళ్ళు కలపరాదని చెప్పడానికి మేము రాలేదు. ఆ సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. ఈ పూట కరెంటు గురించి మాట్లాడదలచాము.

పూర్వం కొలపాత్ర, గెర్బర్ గొట్టం, రిజిస్టరు ఉంటే సంఘం నడిచేది. ఇప్పుడు చాలా సంఘాలలో తూకం, ఫ్యాటు, ఖరీదు అన్నీ కంప్యూటరులోకే పోతున్నవి. అది ఆగిన పూట అంకెలు చేతితో రాయాలి. చేతిరాత వచ్చిన చోట అనుమానం కూడా వస్తుంది.

ఒక సంఘంలో ఐదు నెలలలో మూడుసార్లు కంప్యూటరు పవర్ సప్లై కాలిపోయింది. ఎస్.ఎం.పి.ఎస్. అంటారే, ఆ పెట్టె. 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు అందించేది అదే. కార్యదర్శి ఫ్యాటు ఇష్టం వచ్చినట్లు రాసుకోవడానికి కావాలనే కాలుస్తున్నాడని సభ్యులు సంతకాలు చేసి అర్జీ పెట్టారు. మూడవ పెట్టె ఖరీదు ఆయన జీతంలో పట్టుకున్నారు కూడా.

దాచడమెందుకు, మేమూ మొదట రిజిస్టర్లే తీశాము. చేతితో రాసిన పూటల అంకెలను డెయిరీ ఇచ్చిన రసీదులతో పోల్చాము. తేడా కనపడలేదు. అప్పుడు కాలిన వేళలు అడిగాము. మూడుసార్లూ పాల సేకరణ అయిపోయాక, లెక్క తీస్తున్నప్పుడే కాలింది. అక్కడ క్యాన్లు కడిగే ఒక ముసలమ్మ అన్నది: "నీళ్ళ హీటరు వేస్తే ఈ గదిలో ఫ్యాను పిచ్చిపట్టినట్టు తిరుగుతాదయ్యా. నీళ్ళు మాత్రం కాగవు."

చిక్కుముడి ఆమె మాటతోనే విడిపోయింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. హీటరు ఆపి చూస్తే కంప్యూటరు ప్లగ్గు దగ్గర మీటరు 230 చూపింది. హీటరు వేయగానే అంకె 250, 280 అంటూ ఊగిసలాడి ఒక్కోసారి 300 దాటింది. హీటరు లైనులో వోల్టేజి అదే సమయంలో పడిపోయింది. వెంటనే ఆపించాము.

కారణం న్యూట్రల్ తీగ. మూడు ఫేజుల కనెక్షన్లో హీటరు ఒక ఫేజు మీద, కంప్యూటరు మరొక ఫేజు మీద ఉన్నవి. రెండింటికీ తిరుగుదారి ఒకటే న్యూట్రల్. అది వదులైతే బరువు ఎక్కువున్న ఫేజులో వోల్టేజి తగ్గి, తక్కువున్న దానిలో పెరుగుతుంది. పూర్తిగా తెగితే 400 దాకా పోవచ్చు. మెయిన్ బోర్డు తెరిస్తే అల్యూమినియం న్యూట్రల్ తీగ బిగింపు దగ్గర నల్లగా మాడి ఉన్నది. అల్యూమినియం తీగ బిగింపు కాలక్రమాన వదులవుతుంది, ఏడాదికొకసారైనా చూపించవలెను.

యూపీఎస్ ఏమైందంటారా? బ్యాటరీ చచ్చిందని దాన్ని పక్కన పెట్టి, ప్లగ్గును నేరుగా గోడకు పెట్టారు. మూడు పెట్టెలు మార్చిన మెకానిక్కు ఒక్కసారి కూడా గోడలోని కరెంటును కొలవలేదు.

కనుక రెండవసారి కాలితే పెట్టె మార్చడానికి ముందు ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్తు, న్యూట్రల్–ఎర్తు మధ్య కొలిపించండి. మోటారు, హీటరు వేసి ఒకసారి, ఆపి ఒకసారి. మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండాలి, మూడవది కొద్ది వోల్టులు మించరాదు. మూడు ఫేజుల మెయిన్లో న్యూట్రల్‌కు ఫ్యూజు పెట్టనీయకండి, అక్కడ గట్టి లింకే ఉండాలి. ఫ్యూజు పోతే లావు తీగ చుట్టకండి. ఇక ఆ పెట్టెను మీరు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

ఆ సంఘంలో తీగ కొన కోసి, కొత్త లగ్గు వేసి బిగించారు. ఖర్చు ఒక పెట్టె ధరలో పదోవంతు కాలేదు. కార్యదర్శి జీతంలో పట్టిన సొమ్ము తిరిగి ఇవ్వాలని పాలకవర్గం చేత ఆ రోజే తీర్మానం రాయించాము. అర్జీ మీద మొదటి సంతకం చేసిన సభ్యుడే దాన్ని ప్రతిపాదించాడు.