వ్యాయామమును గూర్చి కొన్ని అపోహలు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



"వ్యాయామము వస్తాదులకు గాని మనకేల?" అను మాట మన యిండ్లలో తరచు వినబడుచుండును. బరంపురము వారికి ఈ మాట శోభింపదు. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిన కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టమున జన్మించి, 1942లో ఈ ఒడిశాలోని బలాంగీరునందే కీర్తిశేషులైరి. మన బరంపురపు యువకుడు కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలందు 69 కిలోల తరగతిలో మొత్తము 321 కిలోలెత్తి స్వర్ణపతకము గెలుచుకొనెను. వారిని చూచి చప్పట్లు చరచి, మనము మాత్రము కూర్చుండిపోవుచున్నాము. ఇందుకు కొన్ని అపోహలు కారణము.

మాంసము తిననివారికి బలము రాదందురు. రామమూర్తినాయుడుగారు శాకాహారులు. కండకు కావలసిన మాంసకృత్తులు పప్పు, పాలు, పెరుగు, వేరుసెనగలలోను లభించును.

చెమట పట్టినకొలది కొవ్వు కరుగునందురు. చెమట దేహమును చల్లబరచు నీరు మాత్రమే. వైశాఖమాసమున మన ఊర కదలక కూర్చున్నను చెమట కారును గదా! చెమటతో తగ్గిన బరువు నీరు త్రాగగనే తిరిగి వచ్చును. అట్లే పొట్టకు మాత్రమే వ్యాయామము చేసినచో పొట్ట కొవ్వే కరుగుననుటయు సరికాదు. కొవ్వు దేహమంతట క్రమముగా తగ్గవలసినదే.

సాధన మానినచో కండ కొవ్వుగా మారునని కొందరి భయము. కండ వేరు, కొవ్వు వేరు. ఒకటి మరియొకటి కాజాలదు. పని లేని కండ క్షీణించును. తిండి తగ్గింపనిచో కొవ్వు చేరును. అంతియే.

బరువులెత్తుట స్త్రీలకు తగదందురు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీయందు 240 కిలోలెత్తి కాంస్యపతకము పొందెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారత మహిళ ఆమెయే.

మధుమేహము గలవారు ఈ సంగతి ముఖ్యముగా గ్రహింపవలెను. పని చేయు కండలు రక్తమునందలి చక్కెరను గ్రహించి వినియోగించుకొనును. భోజనానంతరము కొంతసేపు మెల్లగా నడచుటవలన మేలు కలుగుట యిందుచేతనే. దుకాణములలోను, కార్యాలయములలోను దినమంతయు కూర్చుండు మనకు ఇది మరింత అవసరము.

ఇక పెద్దవారి మాట. మేమును తప్పు చేసినవారమే. మా మేనత్తకు మోకాలి నొప్పి రాగా, ప్రేమకొద్దీ ఆమెను లేవనీయక, మంచినీళ్లు మొదలు భోజనము వరకు మంచము వద్దకే అందించితిమి. నాలుగు మాసములలో ఆమె తనంత తాను లేవలేని స్థితికి వచ్చెను. మేము సేవ యనుకొన్నది ఆమె కాళ్ల సత్తువను హరించినది. వైద్యుని సలహాపై కుర్చీనుండి లేచి కూర్చుండుట, గోడ పట్టుకొని నిలుచుండుట ఆరంభించినది. నేడు తులసికోట వరకు ఒంటరిగా పోయి దీపము పెట్టుచున్నది.

ఎంత చేయవలెనని అడుగుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినదాని ప్రకారము పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెను. మాటలాడ వీలగునంతటి వేగముతో, అయితే పాట పాడ వీలుకానంతటి వేగముతో నడచుట అట్టిది. వారమునకు రెండు దినములు కండలకు బలమిచ్చు సాధనయు, 65 ఏండ్లు దాటినవారికి మూడు దినములు పడిపోకుండ నిలద్రొక్కుకొను సాధనయు అవసరము. గుండెజబ్బు గలవారును, ఇన్సులిన్ వాడువారును ముందు వైద్యుని అడుగవలెను. ఆయాసమో, రొమ్మునొప్పియో కలిగినచో తక్షణము ఆపి వైద్యుని చూడవలెను.

కావున మా విన్నపమొక్కటే. రేపు ఉదయము, ఎండ ముదరకముందే, ప్రతి యింటినుండి ఒకరు వీధిలోనికి నడువుడు. మరునాడు ఇంటి పెద్దను చేయి పట్టుకొని వెంట తీసికొని రండు. వారిని కూర్చుండబెట్టుటకన్న నడిపించుటయే నిజమైన సేవ.