ఆడుబిడ్డల బలక్రీడలు – సంఘము చేయవలసిన పని
(రాజోలు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసపాఠము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ఇంతకుముందే సెలవిచ్చిరి. మాకొప్పగింపబడిన విషయము బాలికల క్రీడలు. సభాకార్యక్రమములలో ఈ విషయమునకు భోజనములకు ముందరి పావుగంటయే దొరకుట ఆచారమైయున్నది గావున, క్లుప్తముగానే మనవి చేసెదము.

ఇంగ్లండు దేశమున పుట్టి ఆస్ట్రేలియాలో మిక్కిలి వ్యాపించిన రగ్బీ లీగు అను ఆట యొకటి కలదు. పక్షమునకు పదుమూడుగురు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకనిడుకొని పరుగెత్తి, ఎదుటివారి గీత దాటించి నేలకానింపవలయును. చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో అందింపవలయును. బంతిగలవారిని ప్రత్యర్థులు పట్టి పడవేయుదురు. ఆరు పట్లలో పని ముగియనిచో బంతి ఎదుటిపక్షమునకు పోవును. చెడుగుడు ఎరిగిన కోనసీమవారికి ఈ పట్టును గూర్చి వేరుగా వర్ణింప నక్కరలేదు. కూత యొక్కటి లేదు, అంతియే.

ఈ యాట పుట్టుక మాకు ముఖ్యముగా కనబడినది. 1895వ సంవత్సరమున ఉత్తర ఇంగ్లండులోని బొగ్గుగనులలోను, మిల్లులలోను పనిచేయు ఆటగాండ్రు పని మానుకొని ఆడవచ్చినపుడు, ఆ దినపు కూలి ఎవరియ్యవలయునను తగవు ముదిరెను. ఆటకు డబ్బు పుచ్చుకొనరాదని దొరలనిరి. కూలి పోయిన ఇంట పొయ్యి రాజదని కూలివారి క్లబ్బులనెను. తుదకు హడర్స్‌ఫీల్డు పట్టణమున ఆ క్లబ్బులు సమావేశమై, వేరుపడి, తమ సమాజమును తాము స్థాపించుకొనెను. ఆటలో నియమములు మారుట పిమ్మటి మాట. ముందు తేలినది కూలిమాటయే.

పురుషుల కూలి అట్లు తేలినను, స్త్రీలవంతు వచ్చుటకు శతాబ్దము దాటెను. ఆస్ట్రేలియాలో స్త్రీలకు జాతీయ లీగు 2018లో నాలుగు పక్షములతో మొదలయ్యెను. 2023 నాటికి పది అయ్యెను. ఆ లీగులో న్యూకాసిల్ పక్షము తన మొదటి ఋతువున ఆడిన ప్రతి పోటీలోను ఓడెను. ఆ 2022 సంవత్సరముననే తరువాతి ఋతువున విజేతయు అయ్యెను. అందు బంతి నడిపిన జెస్సీ సౌత్‌వెల్ అను బాలికకు అప్పుడు పదునేడేండ్లు. ఆ యేటనే బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో ఏడుగురి రగ్బీలో స్వర్ణపతకము గెలిచిన ఆస్ట్రేలియా జట్టులోను ఆమె యుండెను. మరుసటియేట న్యూకాసిల్ మరల గెలిచెను. ఆమె అక్క హన్నాయు అదే క్రీడలో పేరు గడించినది. పిల్ల ఎదుగునప్పటికి ఆమెకై లీగు సిద్ధముగా నుండెను. ఆమె భాగ్యమనిన నదియే.

మన పొరుగుననున్న ఒరిస్సాను చూడుడు. భువనేశ్వరమున కళింగ సాంఘికశాస్త్ర సంస్థ గిరిజన బాలబాలికలకు చదువును, అన్నమును, వసతిని ఉచితముగా నిచ్చుచు రగ్బీ నేర్పినది. అచ్చట నాడునది రగ్బీ యూనియను, లీగునకు దాయాది. ఆ సంస్థలో పెరిగిన సుమిత్రా నాయక్ 2019 జూనులో మనీలా నగరమున సింగపూరుపై తన్నిన తన్నుతో భారతస్త్రీలకు పదునైదుగురి రగ్బీలో మొదటి అంతర్జాతీయ విజయము 21–19గా లభించినది. ఆమెకు ముందు దొరకినది పతకము కాదు, పూటకూడు.

ఇక మన తెలుగుబిడ్డ మాట. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస దాపున ఊసవానిపేట యను పల్లె. రైల్వే రక్షకదళమున కానిస్టేబులుగా నున్న కరణం మనోహర్ గారి కుమార్తె మల్లేశ్వరి పండ్రెండేండ్ల ప్రాయమున బరువులెత్త నారంభించెను. శిక్షకులైన నీలంశెట్టి అప్పన్నగారు, పిల్ల బక్కపలుచనిదని తొలుత సందేహించిరట. తల్లి శ్యామలగారు మాత్రము బిడ్డను వెనుకకు లాగలేదు. ఇచ్చట నొక సంగతి గమనింపవలయును. స్త్రీలకు బరువులెత్తు ప్రపంచపోటీలు 1987లో గాని మొదలు కాలేదు. ఒలింపిక్సులో 2000 వరకు చోటే లేదు. ఏ ఫలము వచ్చునో ఎవరును చెప్పలేని కాలమున, ఆ తల్లి ఆ పిల్లకు పాలును, గ్రుడ్లును సమకూర్చినది. ఏ సంఘమును తీర్మానము చేయలేదు. ఏ దాతయు చెక్కు వ్రాయలేదు. కానిస్టేబులు జీతములోనే ఆ ఖర్చంతయు!

అక్క కృష్ణకుమారి జాతీయ శిబిరమునకు ఎన్నికైనపుడు చెల్లెలు తోడుగా పోయెను. అచ్చట లియోనిద్ తరనెంకో అను ప్రఖ్యాత శిక్షకుని కంటబడినది చెల్లెలే. 1993లో మెల్బోర్నున ప్రపంచపోటీల కాంస్యము. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేత. 1997లో వివాహమైనది. పెండ్లితో ఆట ముగియునని మనలో ననేకుల నమ్మకము గదా. ఆమె 1998లో బాంకాకు ఆసియా క్రీడలలో రజతము తెచ్చెను. సిడ్నీ ప్రయాణమునకు ముందు ఆమె పని అయిపోయినదని వ్రాసిన పత్రికలును కలవు. 2000 సెప్టెంబరు 19వ తేదీన, 69 కిలోల తరగతిలో, ఒక్క ఊపున 110, రెండు ఊపులలో 130, మొత్తము 240 కిలోలెత్తెను. స్వర్ణ రజతములు గెలిచిన చీనా, హంగేరీ వనితలు ఇరువురును ఎత్తినది 242.5. స్వర్ణమునకును కాంస్యమునకును నడుమ రెండున్నర కిలోలు! చివరి ప్రయత్నమున 137.5 కోరి ఎత్తజూచెను, బరువు జారినది. 130తో తృప్తిపడి కూర్చుండక స్వర్ణమునే కోరినందులకు మేము ఆమెను కాంస్యముకన్న నెక్కువగా గౌరవింతుము. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. ఆ యేడు భారతదేశమునకు దక్కినదియు ఆ యొక్క పతకమే.

ఆ తరువాత దండలకు, దుశ్శాలువలకు కొరత లేదు. ఆమె కాపురము హర్యానాలోని యమునానగరమున. శిక్షణాలయము పెట్టి పిల్లలను తీర్చినదియు అచ్చటనే. విశాఖపట్టణపు యర్రాజి జ్యోతి, 2024లో పారిస్ ఒలింపిక్సున నూరు మీటర్ల హర్డిల్సు పరుగెత్తిన మొదటి భారతీయురాలు, ఆమెయు శిక్షణకై భువనేశ్వరము చేరవలసివచ్చినది. తెలుగుపిల్లలు పొరుగిండ్ల వంటలు తిని బలిసినారని ఎవరైన ఎత్తిపొడిచిన, మనయొద్ద ప్రత్యుత్తరమేమున్నది?

మన కోనసీమకు క్రీడ తెలియదా? అమలాపురపు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పసితనముననే హైదరాబాదునకు పోయి, గోపీచంద్ గారి శిక్షణాలయమున నేర్చి, బాడ్మింటను జంటపోటీలలో లోకప్రసిద్ధుడయ్యెను. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతముల తలిదండ్రులలో కొడుకును అట్లు పంపువారు పలువురుందురు. కూతురనగానే చేయి వణకుచున్నది. కాలు విరిగిన పెండ్లి యెట్లని అడుగుదురు. ప్రశ్న అన్యాయమైనది కాదు. ఇట్టి క్రీడలలో మోకాటి దెబ్బలు ఆడుపిల్లలకే హెచ్చుగా తగులుచున్నవి. కాని దానికి మందు ఇంట కూర్చుండబెట్టుట కాదు. తెలిసిన శిక్షకురాలును, దెబ్బతగిలిన నాడు వైద్యమునకు సొమ్మును ఉండవలయును. కొబ్బరిచెట్టెక్కువాడు పడునని దింపు మానినవారు ఈ సీమలో లేరు గదా!

మా మనవి యిది. హడర్స్‌ఫీల్డు కూలివారి ప్రశ్ననే మన సంఘమును అడుగుచున్నాము: బాలిక సాధనచేయు దినముల ఖర్చు ఎవరిది? గెలిచివచ్చిన పిల్లను ఊరేగించుటకు మనము వెనుదీయము. ఆ ఊరేగింపు సొమ్ములో సగమైన పిల్ల ఎవరో తెలియని నాడే వెచ్చింపవలయును. వసతిగృహమున ఆటలాడు బాలికలకు ప్రత్యేకముగా కొన్ని చోట్లు నిలుపవలయును. వారికి పాలు, గ్రుడ్లు, బూట్లు, బస్సుకూలి సంఘము భరింపవలయును. శిక్షకురాలిని నియమింపవలయును. మైదానమున బట్టలు మార్చుకొనుటకు తలుపుగల గది యొకటి కట్టింపవలయును. ఈ చిన్నలోపమున ఆటమానిన పిల్లలెందరో ఇందున్న తల్లులనడిగిన చెప్పగలరు. పదవతరగతి ముగిసినంతనే సంబంధములు వెదకు తలిదండ్రులతో మాటలాడు భారము మహిళాశాఖవారు వహింపవలయును. ఈ పని మగవారి ఉపన్యాసములకు లొంగదు.

ఈ నిధికై కార్యదర్శిగారు వేరుగా నొక పుస్తకము తెరచి ద్వారమువద్ద నుంచిరి. దాతలు భోజనశాలకు పోవుటకు పూర్వమే అందు తమ పేర్లు వ్రాయింప ప్రార్థించుచున్నాము.