సిగరెట్టుపెట్టెలోని బొమ్మలు

నా చిన్నతనమున మేము అగ్గిపెట్టెల బొమ్మలు ఏరి దాచుకొనెడివారము. ఒకనాడు నా పులిబొమ్మ అంచు చిరిగినది. కత్తెరతో నాలుగు ప్రక్కల కొంచెము కొంచెము కత్తిరించి, క్రొత్తదానివలె జేసి, నా స్నేహితున కిచ్చి, బదులుగా రెండు బొమ్మలు పుచ్చుకొంటిని. వాడు గుర్తింపలేదు. ఈ మాట ఇప్పుడేల యందురా? నేను చెప్పబోవు కథలోను ఒక కత్తెర కలదు.

అమెరికాదేశమున బేస్‌బాలు అను ఆట కలదు. మన మెఱిగిన క్రికెట్టువలె అదియు బంతిని కఱ్ఱతో గొట్టు ఆటయే. 1909 మొదలు 1911 వఱకు అమెరికన్ టుబాకో కంపెనీవారు తమ సిగరెట్టుపెట్టెలలో నొక్కొక్క అట్టచీటీ నుంచి అమ్మిరి. పెట్టె నలగకుండ అట్ట ఆసరా. దానిమీద ఆటగాని రంగులబొమ్మ. వెనుకవైపున సిగరెట్టు ప్రకటన. తండ్రులు పొగ త్రాగిరి, పిల్లలు చీటీలు దాచుకొనిరి. పొగాకువర్తకుల యుక్తి గుంటూరుసీమవారికి నేను చెప్పవలయునా!

ఆ కాలపు ఆటగాండ్రలో పిట్స్‌బర్గు జట్టువాడగు హోనస్ వాగ్నరు మేటి. బంతిని గొట్టుటలో ఎనిమిది సంవత్సరములు నేషనల్ లీగున ప్రథముడుగా నిలిచెను. అతడు తన బొమ్మ వేయుట కొప్పుకొనలేదు. కంపెనీవారు కొలదిగా ముద్రించి నిలిపివేసిరి. పిల్లలచేత సిగరెట్లు కొనిపించుట అతని కిష్టము లేదని కొందఱు, సొమ్ము ముట్టకపోవుటచే నని కొందఱు చెప్పుదురు. అతడు స్వయముగా పొగాకు నమలువాడే! అయినను 1912లో నొక క్రీడాపత్రిక వ్రాసిన వృత్తాంతము వినుడు. వాగ్నరు అనుమతి తెచ్చిపెట్టినచో పది డాలర్లిత్తుమని కంపెనీవారు అతని మిత్రుడగు నొక విలేఖరికి చెప్పిరట. వాగ్నరు అనుమతి నీయక, మిత్రునకు నష్టము రాకుండ తానే పది డాలర్లకు చెక్కు పంపెనట. నేను మొదటివారి పక్షమునకే మొగ్గుదును.

నేడు ఆ చీటీలు సుమారు అఱువది మాత్రమే లెక్కకు వచ్చుచున్నవి. 2022లో ఒకటి 72,50,000 డాలర్లకు అమ్ముడుపోయెను. వానిలో మిక్కిలి పేరుగాంచినది 1991లో వేలమున 4,51,000 డాలర్లు పలికెను. అంత ప్రాతచీటీకి అంచులంత పదునుగా నుండుటయే దాని ఖ్యాతి. కడపట 2013లో, పూర్వము దాని నమ్మిన యొక వర్తకుడు ఆ ప్రక్కలను తానే కత్తిరించితినని న్యాయస్థానమున నొప్పుకొనెను. ఆ వార్త చదివిననాడు నాకు పులిబొమ్మ జ్ఞప్తికి వచ్చి రాత్రి నిద్రపట్టలేదు.

వాగ్నరుకంటెను నాకు ఇష్టుడు జెఫర్సన్ బర్డిక్కు. సిరక్యూస్ నగరమున విద్యుత్పరికరముల కర్మాగారములో పనివాడు, పెండ్లిలేనివాడు, కీళ్లవాతముచే బాధపడినవాడు. ఇట్టి చీటీలకెల్ల అంకెలిచ్చి పట్టిక వ్రాసినది ఇతడే. తన 3,00,000 పైచిలుకు చీటీలను, కాగితపు బొమ్మలను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ఉచితముగ నిచ్చి, ఆ నొప్పిచేతులతోనే ఏండ్లతరబడి ఆల్బములలో నంటించెను. 1963 జనవరిలో పని ముగిసెను. మార్చిలో అతడు గతించెను. అందు వాగ్నరు చీటీయు కలదు. జిగురంటిన చీటీకి వర్తకులు వెల తగ్గింతురు. బర్డిక్కు దాని నమ్మదలచినవాడు కాడు.

నా స్నేహితు డింకను మా యూరనే యున్నాడు. ఈ ప్రసంగము వినుచున్నచో, ఓరీ, నీ రెండు బొమ్మలును నా పెట్టెలో భద్రముగా నున్నవి, వచ్చి తీసికొనిపొమ్ము.