పసుపు దినములును దేహసాధనయు



విద్యను గూర్చియు వివాహవ్యయములను గూర్చియు పెద్దలు చెప్పవలసినది చెప్పియున్నారు. దేహమును గూర్చి మాటలాడు భారము నాపై నుంచబడినది. నలుబది యేండ్లకే మధుమేహమనియు గుండెనొప్పియనియు మన యిండ్లలో వినబడుచుండగా ఇది చిన్న విషయము కాదు.

ఆర్మూరు ప్రాంతమున మన జీవనము గడియారమును బట్టి గాక పసుపును బట్టి నడచును. పుష్యమాసము మొదలు చైత్రము వరకు త్రవ్వుట, ఉడికించుట, కల్లమున ఆరబోయుట, పాలిషు పట్టించుట, నిజామాబాదు యార్డునకు తోలుట. ఆకాశమున మబ్బు తోచెనా, అర్ధరాత్రమైనను టార్పాలిను కప్పుటకు పరుగెత్తవలసినదే. అడ్తి దుకాణమువారికి ధర పెరిగిన నాడు భోజనమునకే వేళ దొరకదు. ఇట్టివారికి ప్రతిదినము తెల్లవారుజామున లేచి గంటసేపు వ్యాయామము చేయుడని బోధించుట సులభము. (అట్లు బోధించువారు సాధారణముగ పసుపు ఉడికించినవారు కారు.) విన్నవారు సంక్రాంతి వరకు చేయుదురు, పిమ్మట మానుదురు, ఉగాదికి మరల మొదలు పెట్టుదమందురు. ఆ ఉగాదియు గడచిపోవును.

మనది కష్టజీవుల కులము, వేరుగ వ్యాయామమేల యని కొందరందురు. 1953లో జెర్రీ మోరిస్ అను బ్రిటిషు వైద్యుడు లండనులోని రెండంతస్తుల బస్సులవారిని పరిశీలించి, దినమంతయు కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు హృద్రోగము తక్కువయని వెల్లడించెను. బస్సొకటే, పని వేరు. మన యార్డునందు బస్తా మోయు హమాలీ కండక్టరు, గద్దెపై కూర్చుండి చిట్టా వ్రాయు షావుకారు డ్రైవరు. ట్రాక్టరును మోటారుసైకిలును వచ్చిన పిమ్మట రైతుబిడ్డయు మెల్లగ డ్రైవరు తరగతిలోనికి జారుచున్నాడు.

ఎంత శ్రమ కావలెను? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితశ్రమ. దానితోబాటు రెండు దినములు కండబలమునిచ్చు శ్రమ. లెక్క దినమునకు గాక వారమునకని గమనింపుడు. ఒక్కసారికి పది నిమిషములకు తగ్గరాదను పూర్వనియమమును సయితము తొలగించిరి. కావున పసుపు దినములకు వేరు కొలత పెట్టుకొనుడు. స్నానమునకు ముందు పది బస్కీలు, పది దండెములు. యార్డులో ఒక చుట్టు వేగముగ నడక. అంతే చాలును. పసుపు అమ్ముడైన పిమ్మట సిద్ధులగుట్ట మెట్లు ఉండనే యున్నవి.

దినము తప్పినచో సర్వము చెడెనని తలపవలదు. లండనులో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, అలవాటు కుదురుటకు సామాన్యముగ 66 దినములు పట్టుననియు, నడుమ ఒకనాడు తప్పినను అది చెడదనియు తేలినది. మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్‌కు 2017లో భుజము స్థానభ్రంశమై శస్త్రచికిత్స జరిగెను. మాసముల తరబడి ముష్టియుద్ధమునకు దూరమయ్యెను. ఆమెయే 2022లో ఇస్తాంబులునందును 2023లో ఢిల్లీయందును ప్రపంచవిజేత యయ్యెను.

దాతలైన పోషకులకు నా మనవి యొక్కటి. సంఘభవనపు ఆవరణమున నాలుగు తాళ్లు, రెండు గదలు, ఒక దీపము ఏర్పరుపుడు. కల్లము నుండి అర్ధరాత్రి వచ్చువానికిని తలుపు తెరచియుండవలెను. స్త్రీలకు ప్రత్యేకమైన వేళ యుండవలెను. పట్టికలో వచ్చిన దినములు మాత్రమే వ్రాయింపుడు. రాని దినములకు గడి వలదు.