పక్షవాతం వచ్చినవారికి నిద్రమాత్ర ఇచ్చే ముందు

పక్షవాతం నుంచి కోలుకున్న పెద్దాయనకు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ఉన్న అల్ప్రజోలమ్ అనే నిద్రమాత్ర ఇచ్చేద్దామా? వద్దు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. పక్షవాతం నుంచి కోలుకున్నవారికి అదే కోవకు చెందిన మిడజోలమ్ కొద్దిగా ఇచ్చి చూశారు. బాగుపడిన చెయ్యి మళ్లీ బలహీనపడింది. మాట తడబడింది. మందు ప్రభావం తగ్గాక సర్దుకుంది. ఈ మందులు మెదడు చురుకును తగ్గిస్తాయి. తూలి పడే ప్రమాదమూ ఉంది. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఉన్నట్టుండి మానకండి. ఫిట్స్ రావచ్చు. చెయ్యి, కాలు, మాట హఠాత్తుగా పడిపోతే మాత్ర వల్లేనని ఊరుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుర్తుంచుకోండి: డాక్టరు చెప్పనిదే వేయవద్దు, డాక్టరు చెప్పనిదే ఆపవద్దు.